క్యాన్సరు వైద్యమునకు కరణ మెవరు?

పూర్వము మన గ్రామములలో భూమి యెవరిదైనను లెక్క మాత్రము కరణము చేతిలో నుండెడిది. అడంగలులో నేమి వ్రాయబడినదో, ఏ సర్వే నెంబరున కెవరి పేరున్నదో తెలిసికొనవలెనన్న రైతు కరణము వాకిట నిలువవలసినదే. కరణము ధర్మపరుడైనచో గ్రామము నిశ్చింతగా నుండెడిది. కానిచో తాతలనాటి పొలము సైతము కాగితముమీద చేతులు మారెడిది. 1984లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ యుద్యోగమును రద్దుచేసినది. అయినను లెక్క వ్రాయువాని చేతిలో నుండు నధికార మెట్టిదో మన పెద్దలు మఱచి యుండరు. నేడు వైద్యరంగమున నొక క్రొత్త కరణము ప్రవేశించియున్నాడు. వాని పేరు ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డు సాఫ్ట్‌వేరు.

ఒకప్పుడు క్యాన్సరు వ్యాధికి చికిత్స కావలెనన్న హైదరాబాదునకో, వేలూరునకో, ముంబయికో పోవలసి యుండెను. నేడు మన పెద్ద పట్టణములు పెక్కింటిలో కీమోథెరపీ లభించుచున్నది. ఇట్టి చికిత్సాలయమును నెలకొల్పు వైద్యునకును, దానికి ధనసహాయము చేసి ధర్మకర్తల మండలిలో కూర్చుండు పురప్రముఖులకును త్వరలోనే యొక ప్రశ్న యెదురగును: రోగుల రికార్డులను నడపుటకు ఏ సాఫ్ట్‌వేరు కొనవలెను? ఇది యంత్రజ్ఞుల వ్యవహారమని ధర్మకర్తలు తొలగిపోవుటయు, పని తొందరలో నున్న వైద్యుడు విక్రేత చూపిన మెఱుగు తెరలను జూచి సంతకము చేయుటయు పరిపాటి. అది పెద్ద పొరపాటని మా యభిప్రాయము. కరణమును నియమించుట ఎంత ముఖ్యమో, ఈ సాఫ్ట్‌వేరును ఎంచుకొనుటయు నంత ముఖ్యము.

జ్వరము వచ్చినవాడు వైద్యుని యొద్దకు రెండు పర్యాయములు పోయి, మందు పుచ్చుకొని, నాలుగు దినములలో లేచి తిరుగును. వాని చీటి పోయినను పెద్ద నష్టము లేదు. క్యాన్సరు రోగి సంగతి యట్టిది కాదు. ముక్క తీసి చేసిన పరీక్ష, వ్యాధి యెంతవరకు వ్యాపించినదో తెలుపు దశానిర్ణయము, శస్త్రచికిత్స, ఔషధచికిత్స, కిరణచికిత్స—ఇవి యన్నియు మాసముల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరముల తరబడి, ఒకదానిపై నొకటి యాధారపడి సాగును. కోయు వైద్యు డొకడు, మందిచ్చు వైద్యు డొకడు, కిరణములు ప్రసరింపజేయు వైద్యు డొకడు. వీరి మువ్వురను కలుపు సూత్రము రికార్డు తప్ప వేఱొండు లేదు. ఆ సూత్రము తెగిన యెడల ఎంతటి ఘనవైద్యుడైనను గ్రుడ్డివాడే యగును.

మందు మోతాదు సంగతి మరింత సూక్ష్మమైనది. కీమోథెరపీ మందులలో పెక్కింటి మోతాదు రోగి దేహోపరితల వైశాల్యమును బట్టి నిర్ణయింపబడును. 160 సెంటీమీటర్ల యెత్తు, 60 కిలోగ్రాముల బరువు గల స్త్రీకి ఆ వైశాల్యము సుమారు 1.63 చదరపు మీటర్లు. వ్యాధివలన చిక్కి ఆమె 50 కిలోగ్రాములకు వచ్చినచో అది సుమారు 1.49 చదరపు మీటర్లకు తగ్గును. చదరపు మీటరునకు 600 మిల్లీగ్రాముల చొప్పున సైక్లోఫాస్ఫమైడు నీయవలసి యున్నయెడల మొదట సుమారు 980 మిల్లీగ్రాములును, పిమ్మట సుమారు 895 మిల్లీగ్రాములును కావలెను. కార్బోప్లాటిన్ అను మరియొక మందునకు మూత్రపిండములు పనిచేయు తీరును బట్టి లెక్క కట్టుదురు. మూడు వారముల కొకసారి మందు ఎక్కించునప్పుడెల్ల ఈ లెక్క మరల కట్టవలసినదే. రోగి ప్రాణమునకును విషమునకును మధ్య నున్న యెడము ఈ యంకెలలో నున్నది.

ఈ యంకె తప్పిన నేమగునో లోకమునకు తెలిపిన యుదంతము అమెరికా దేశమున బోస్టను నగరమున జరిగినది. బెట్సీ లేమన్ అను నామె 'బోస్టన్ గ్లోబ్' పత్రికలో ఆరోగ్య విషయములను గూర్చి వ్రాయుచుండెడిది. ఆమెకు స్తన క్యాన్సరు వచ్చినది. ప్రపంచప్రసిద్ధి గన్న డేనా–ఫార్బర్ క్యాన్సరు సంస్థలో 1994 నవంబరు మాసమున ఆమెకు సైక్లోఫాస్ఫమైడు నిచ్చిరి. నాలుగు దినములలో కలిపి యీయవలసిన మొత్తమును ఆజ్ఞాపత్రమున పొరపాటున ఒక్కొక్క దినమునకు వ్రాసిరి. ఆ ప్రకారము నాలుగు దినములును ఆమెకు నాలుగింతల మందు ఎక్కినది. డిసెంబరు 3వ తేదీన ఆమె మరణించెను. అప్పటి కామె వయస్సు 39 సంవత్సరములు. ఆమె భర్త ఆ సంస్థలోనే పరిశోధకుడు.

ఇందు గమనింపవలసిన దేమనగా, ఆ సంస్థకు ధనము కొఱత లేదు, విద్వాంసుల కొఱత లేదు. ఆజ్ఞాపత్రము పెక్కుర చేతులు మారినను తప్పు నాపినవా రొక్కరును లేరు. ఆమె మరణించిన పిమ్మట, 1995 ఫిబ్రవరిలో, పరిశోధన నిమిత్తము రికార్డులోని యంకెలను ఎత్తి వ్రాయుచుండగా ఆ తప్పు బయలుపడినది. అనగా రికార్డు నిజము చెప్పినది గాని, చెప్పవలసిన సమయమున చెప్పలేదు. అటుపిమ్మట ఆ సంస్థ గరిష్ఠ పరిమాణమును దాటిన మందు ఆజ్ఞను కంప్యూటరే నిలిపివేయు నేర్పాటు చేసికొన్నది. రోగుల రక్షణకై మస్సాచుసెట్స్ రాష్ట్రమున నెలకొల్పబడిన ప్రభుత్వ కేంద్రమునకు ఆమె పేరే పెట్టిరి.

కావున సాఫ్ట్‌వేరు విక్రేతను అడుగవలసిన మొదటి ప్రశ్న, బిల్లు ఎంత త్వరగా వచ్చునని కాదు. తప్పు మోతాదు వ్రాసినచో నీ యంత్ర మేమి చేయునని. ప్రతి చికిత్సాక్రమమును—ఏ మందు, ఏ దినము, ఎంత, ఏ ద్రవములో, ఎంతసేపు—ముందుగానే స్థిరపఱచి యుంచగలదా? దినమునకు ఇంతయనియు, క్రమమంతటికి ఇంతయనియు వేఱువేఱుగా చూపగలదా? రోగి బరువు మారినపుడు పాత యంకెతోనే లెక్క కట్టక, క్రొత్త బరువు నడుగునా? రక్తకణములు తగ్గియున్నట్లు పరీక్షలో తేలినపుడు మందు ఎక్కించుటకు ముందు వైద్యుని హెచ్చరించునా? వైద్యుడు వ్రాసినదానిని ఔషధశాల వారును, నర్సును వేఱువేఱుగా సరిచూచి సంతకము చేయనిదే ముందుకు పోనీయకుండ నుండునా? సాధారణ వైద్యమునకై చేసిన సాఫ్ట్‌వేరులలో పెక్కింటికి ఈ శక్తి లేదు. జ్వరములకు పనికివచ్చు చిట్టాను క్యాన్సరు వైద్యశాలకు తగిలించుట, బండియెద్దునకు గుఱ్ఱపు జీను కట్టినట్లగును.

విక్రేత యన్నిటికిని ఔననును. ప్రభుత్వ ధ్రువపత్రమును చూపును. ధ్రువపత్రమును చూచి నమ్మవచ్చునా? దీనికి అమెరికా చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. 2009లో ఆ దేశము ఒక చట్టము చేసి, ధ్రువపత్రము పొందిన సాఫ్ట్‌వేరును వాడు వైద్యులకును ఆసుపత్రులకును ధనము నీయ నారంభించినది. క్రమముగా మూడువేల కోట్ల డాలర్లకు పైగా నిచ్చినది. ధనము ప్రవహించుచోటికి వ్యాపారులు గుంపులుగా వచ్చుట లోకసహజము. ఈక్లినికల్‌వర్క్స్ అను ప్రసిద్ధ సంస్థపై ప్రభుత్వము వ్యాజ్యము తెచ్చినది. ధ్రువపత్రపు పరీక్షలో నడుగబడు కొలది మందుల సంకేతములను మాత్రమే యంత్రములో నెక్కించి, ఏ మందు సంకేతము నైనను గుర్తించు శక్తి యున్నట్లు నటించినదని యారోపణ. ఒక మందు మరియొక మందుతో వికటించునా యని చూచు పని నమ్మదగినట్లు జరుగలేదనియు, రికార్డులను వేఱొక చోటికి చేర్చు నిబంధనను పాటింపలేదనియు గూడ చెప్పిరి. 2017లో ఆ సంస్థ 15 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని వ్యాజ్యమును పరిష్కరించుకొన్నది. తప్పు చేసినట్లు మాత్రము అంగీకరింపలేదు.

పరీక్షలో వచ్చు ప్రశ్నలకు మాత్రము జవాబులు వల్లించిన విద్యార్థి వంటిది ఇట్టి యంత్రము. కావున కొనువారు తమ ప్రశ్నలు తామే వేయవలెను. విక్రేత తెచ్చిన బొమ్మరోగులను గాక, తమ వైద్యశాలలో నిత్యము వాడు పది పండ్రెండు చికిత్సాక్రమములను, పేరు తీసివేసిన తమ రోగుల వివరములతో నెక్కించి చూడవలెను. బుద్ధిపూర్వకముగా నొక తప్పు మోతాదు వ్రాసి యంత్ర మాపునో లేదో పరీక్షింపవలెను. ఆ పరీక్షను చేయవలసినది సంస్థాధిపతి కాదు. దినమెల్ల మందులు కలుపు ఔషధశాల వారును, ఎక్కించు నర్సులును. విత్తనము మంచిదో కాదో తెలియవలెనన్న సంచిపై నున్న ముద్రను చూచుట కాదు, గుప్పెడు గింజలు తడిగుడ్డలో మొలకెత్తించి చూడవలెనని మన రైతులకు చెప్పనక్కఱలేదు.

ఇక రెండవ ప్రశ్న: ఈ కరణము ఎవరి జీతగాడు? దీనిని అడుగువా రరుదు. ప్రాక్టీస్ ఫ్యూజన్ అను సంస్థ తన సాఫ్ట్‌వేరును వైద్యులకు ఉచితముగా నిచ్చి, ప్రకటనలు మున్నగువానివలన ధనము గడించెడిది. వైద్యుడు రోగిని చూచుచుండగా సలహాలు చూపు తెర యొకటి అందు గలదు. నల్లమందు జాతికి చెందిన నొప్పి మందులను తయారుచేయు నొక కంపెనీ నుండి సుమారు పది లక్షల డాలర్లు పుచ్చుకొని, ఆ మందుల విక్రయము పెరుగునట్లు ఆ సలహాలను కూర్చుటకు ఈ సంస్థ ఒడంబడినది. వైద్యునకు కనబడినది శాస్త్రము. దాని వెనుక నున్నది లంచము. 2020 జనవరిలో ఆ సంస్థ నేరము నొప్పుకొని, 14 కోట్ల 50 లక్షల డాలర్లు చెల్లించుటకు అంగీకరించినది. ఆ నొప్పి మందుల వ్యసనమువలన ఆ దేశమున లక్షలాది జనులు మరణించిన కాలమున నిది జరిగినది. వైద్యుడు ఉచితమని పుచ్చుకొన్న సాఫ్ట్‌వేరునకు వెల చెల్లించినవారు రోగులు.

క్యాన్సరు వైద్యమునకే ప్రత్యేకముగా నేర్పడిన సాఫ్ట్‌వేరుల యాజమాన్యమును గూడ చూడుడు. ఆంకోఈఎంఆర్ అను ప్రసిద్ధమైన సాఫ్ట్‌వేరును నడపిన ఫ్లాటైరన్ సంస్థ 2012లో పుట్టినది. పేర్లు తొలగించిన రోగుల రికార్డులను ప్రోగుచేసి, వానిని పరిశోధనకై మందుల కంపెనీలకు విక్రయించుటయు దాని వ్యాపారము. 2018లో దానిని 190 కోట్ల డాలర్లకు రోషే సంస్థ కొన్నది. రోషే క్యాన్సరు మందుల తయారీలో ప్రపంచమున నగ్రగణ్య మగు కంపెనీలలో నొకటి. ఐనోమెడ్ అను మరియొక సాఫ్ట్‌వేరు, 2010లో యూఎస్ ఆంకాలజీ సంస్థను కొనుటతో, మందుల టోకు వర్తకమున బ్రహ్మాండమైన మెకెస్సన్ సంస్థ చేతికి వచ్చినది. ఇందువలన నీ సంస్థలు తప్పు చేసినవని మేము చెప్పుట లేదు. అట్టి రికార్డులనుండి వైద్యశాస్త్రమునకు ఉపయోగకరమగు పరిశోధనలు వెలువడిన మాటయు సత్యమే. మేము చెప్పున దొక్కటే: ఎరువుల వ్యాపారి వ్రాసిన పొలము లెక్కను రైతు రెండుమార్లు చూచుకొనుట యుక్తము.

కాబట్టి ఒప్పందపత్రమున స్పష్టముగా వ్రాయించుకొనవలెను. రోగుల వివరములను, పేరు తొలగించి యైనను, ఎవరికైనను అమ్మునా? అమ్మినచో ఎవరి సమ్మతితో? తెరపై వచ్చు సలహాలను కూర్చునది యెవరు, వారికి ధనమిచ్చు నది యెవరు? మన దేశమున 2023లో వ్యక్తిగత డిజిటల్ వివరముల రక్షణ చట్టము చేయబడినది. ఆ చట్టము ప్రకారము వివరములను తన ప్రయోజనమునకై సేకరించు సంస్థదే బాధ్యత. తాను పని యప్పగించిన సాఫ్ట్‌వేరు కంపెనీపైకి ఆ భారమును త్రోసివేయ వీలులేదు. అనగా విక్రేత పొరపాటునకు వైద్యశాలయే జవాబు చెప్పవలసి వచ్చును. ధర్మకర్తలు ఈ మాటను రెండుమార్లు చదువుకొందురు గాక.

మూడవ ప్రశ్న అన్నిటిలో ముఖ్యమైనది: రోగి వేఱొక యూరికి పోయినపుడు, లేక వైద్యశాల ఈ సాఫ్ట్‌వేరును విడిచి మరియొకటి కొన్నపుడు, రికార్డు వెంట వచ్చునా? డాక్సోరుబిసిన్ అను మందు క్యాన్సరులను అణచుటలో ప్రసిద్ధమైనది. కాని అది గుండెను బలహీనపఱచును. ఒక మనుష్యునకు జీవితమంతటిలో కలిపి చదరపు మీటరునకు 450 మొదలు 550 మిల్లీగ్రాములకు మించి ఈయరాదని సాధారణ నియమము. స్తన క్యాన్సరునకు నాలుగు విడతలలో 240 మిల్లీగ్రాములు పుచ్చుకొన్న స్త్రీ బాగుపడి, పది సంవత్సరములకు వేఱొక నగరమున మరల వ్యాధిగ్రస్త యైనదనుకొందము. ఆమెకు ఎఱ్ఱని మందు ఎక్కించిరని మాత్రమే జ్ఞాపక ముండును. ఎంత యెక్కించిరో ఆ పాత రికార్డు మాత్రమే చెప్పగలదు. అది దొరకనిచో వైద్యుడు మంచి మందును భయపడి మానవలెను. లేదా తెలియక గుండెను చెఱుపవలెను.

మన యూళ్లనుండి హైదరాబాదు క్యాన్సరు ఆసుపత్రులకు పోవు బస్సులలో రోగి ప్రక్కన కూర్చుండిన బంధువు చంకలో నొక సంచి చూడవచ్చును. అందు పరీక్షల కాగితములు, ఫిల్ములు, వైద్యుల చీట్లు ఉండును. అక్షరజ్ఞానము లేనివాడైనను ఆ సంచిని ప్రాణముగా కాపాడును. ఆ కాగితములను అతడు ఏ వైద్యుని యెదుటనైనను పఱచి చూపగలడు. అది కాగితపు చిట్టాకు గల ఘనత. క్రొత్త సాఫ్ట్‌వేరు ఆ సంచిని వదలుమని చెప్పుచు, బదులుగా ఒక యంత్రము తప్ప మరి యేదియు చదువలేని భాషలో ఆ చరిత్రను బంధించినచో, రోగి మునుపటికంటె దరిద్రుడగును. పాత కరణముతోనైనను మొఱపెట్టుకొనవచ్చును. మూతపడిన కంపెనీ యంత్రముతో నెవరు మొఱపెట్టుకొందురు?

అమెరికాలో 2016లో చేసిన చట్టము రికార్డులను బిగబట్టి యుంచుటను నిషేధించినది. ఆ నిషేధపు నిబంధనలు 2021 ఏప్రిలులో అమలులోనికి వచ్చినవి. అన్ని కోట్ల ధనము వ్యయించిన పిమ్మట ఆ దేశమువారు నేర్చిన పాఠ మిది. మనము దానిని ముందుగానే నేర్చుకొనవచ్చును. మన ప్రభుత్వము 2013లో ఆరోగ్య రికార్డుల ప్రమాణములను ప్రకటించి, 2016లో సవరించినది. 2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ను దేశమంతట ప్రారంభించి, కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య నిచ్చుచున్నది. రోగి సమ్మతితో నొక వైద్యశాల రికార్డు మరియొక వైద్యశాలకు చేరునట్లు చేయుట దాని యుద్దేశము. ఈ యేర్పాటుతో కలియని సాఫ్ట్‌వేరును నేడు కొనుట, రైలుపట్టా వెడల్పు చూడక యింజను కొన్నట్లగును.

రికార్డు వెంట వచ్చుట యనగా, చిత్తరువులవలె నాలుగు పుటలు వచ్చుట కాదు. వ్యాధి యే యవయవమున పుట్టినది, ఏ దశలో నున్నది, ఏ మందు ఎంత యిచ్చిరి, ఏమి ఫలించినది యను విషయములు వేఱువేఱు గడులలో, ఏ యంత్రమైనను చదువగలిగినట్లుగా రావలెను. వైద్యుడు వ్యాసమువలె వ్రాసిన దానిలో వ్యాధి దశ మరుగుపడి యున్నచో, దానిని లెక్కించు వారుండరు. 2019లో అమెరికా క్యాన్సరు వైద్యుల సంఘము మున్నగువారు కలిసి యిట్టి కనీస వివరముల పట్టిక నొకదానిని, ఎంకోడ్ అను పేర, సిద్ధపఱచిరి. అది యెల్లరకు బహిరంగముగా లభించుచున్నది. మన దేశమున 1981లో ప్రారంభమైన జాతీయ క్యాన్సరు నమోదు కార్యక్రమమునకు గూడ ఇట్టి వివరములే కావలెను. ఏ మండలమున నోటి క్యాన్సరు హెచ్చుగా నున్నదో, ఎచట స్త్రీలు వ్యాధి ముదిరిన పిదపనే వచ్చుచున్నారో తెలియనిదే ప్రభుత్వము ఏ పని యెచట చేయవలెనో నిర్ణయింపజాలదు. ఒక చిన్న వైద్యశాల చిట్టా దేశపు చిట్టాలో నొక పుట.

నాలుగవ ప్రశ్న: యంత్రము పడిపోయిన దినమున ఏమి చేయుదురు? ఇది మన యూళ్లలో కరెంటు పోవు ప్రశ్న మాత్రమే కాదు. 2020 అక్టోబరులో అమెరికాలోని వెర్మాంటు విశ్వవిద్యాలయ వైద్యకేంద్రముపై దొంగలు కంప్యూటరు ద్వారా దాడిచేసి రికార్డులను అందకుండ చేసిరి. ఎవరికి ఏ విడత మందు ఎంత యీయవలెనో తెలియక కీమోథెరపీకై వచ్చిన రోగులను త్రిప్పి పంపవలసి వచ్చెను. 2021 ఏప్రిలులో కిరణచికిత్సా యంత్రములకు సాఫ్ట్‌వేరు సమకూర్చు ఎలెక్టా సంస్థ క్లౌడుపై దాడి జరుగగా, పలు ఆసుపత్రులలో ఆ చికిత్స యాగినది. మన రాజధాని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 2022 నవంబరు 23వ తేదీన సర్వర్లు స్తంభించి, సుమారు రెండు వారములు పనులు చేతివ్రాతతోనే సాగినవి. అంతటి సంస్థకే తప్పని యాపద చిన్న వైద్యశాలకు తప్పునని తలచుట వెఱ్ఱి.

క్యాన్సరు చికిత్సలో విడత తప్పుట రోగికి కీడు. అందుచేత ప్రతి సాయంకాలము మరునాటి రోగుల పట్టికయు, వారి మందుల మోతాదులును, పూర్వపు విడతల సారాంశమును అచ్చొత్తి, తాళము వేసిన బీరువాలో నుంచు నేర్పాటు ఉండవలెను. రికార్డుల నకలు, ముఖ్య యంత్రముతో సంబంధము లేని వేఱొకచోట నుండవలెను. ఆ నకలునుండి మరల రికార్డులను నిలువబెట్టి చూపుమని ఏడాదికొక్కసారియైన విక్రేతను అడుగవలెను. ధాన్యము గాదెలో నున్నదని చెప్పుట వేఱు, తలుపు తీసి చూపుట వేఱు.

ఐదవ విషయము, యంత్రమును వాడు మనుష్యుల సంగతి. ప్రతి చిన్న విషయమునకు హెచ్చరిక గంట మ్రోగించు యంత్రమును జనులు వినుట మానివేయుదురు. పులి వచ్చెనని నిత్యము కేకవేయు గొల్లవాని కథ మనకు తెలియనిది కాదు. ప్రాణాపాయకరమగు తప్పును అడ్డగించి, చిన్న విషయములను ప్రక్కన చూపి యూరకుండు యంత్రము మంచిది. వైద్యుని కన్నులు రోగి ముఖముపైనుండి తెరపైకి మఱలినచో, ఆ రికార్డు ఎంత పూర్ణమైనను చికిత్స అపూర్ణమే. తనకు క్యాన్సరని వినుచున్న మనుష్యుని యెదుట వైద్యుడు మీటలు నొక్కుచు కూర్చుండుట కంటె క్రూరమైన దృశ్యము లేదు.

ఇందులకు కొందరు ఆక్షేపణ చెప్పుదురు. పది పడకల వైద్యశాల, ఇద్దరు వైద్యులు, నలుగురు నర్సులు గలచోట ఇన్ని ప్రశ్నలు వేయుటకు తీరిక యెక్కడిది, విక్రేత మా మాట వినునా, మాకు బిల్లులును, 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములకు పంపవలసిన కాగితములును సక్రమముగా వచ్చిన చాలునని వారి వాదము. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. పథకముల ధనము సకాలమున రానిచో వైద్యశాలయే మూతపడును. బీదరోగి వీథిన పడును. బిల్లుల పనిని సాఫ్ట్‌వేరు చక్కగా చేయవలసినదే. అయితే డబ్బు లెక్కలో తప్పు వచ్చినచో దిద్దుకొనవచ్చును. మోతాదు లెక్కలో తప్పును దిద్దుకొనుటకు బోస్టనులో వ్యవధి లేకపోయెను. రెండింటిని ఒక త్రాసున తూచరాదు.

ఒంటరి వైద్యశాల మాట విక్రేత వినడన్నది నిజము. అందుకు మందు ఐకమత్యము. 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సరు గ్రిడ్‌లో నేడు మూడువందలకు పైగా సంస్థలు చేరియున్నవి. అవి కలిసి బేరమాడి క్యాన్సరు మందుల ధరలను తగ్గించుకొన్నవి. 2022లో ఆ గ్రిడ్ పక్షమున డిజిటల్ వైద్య రికార్డుల విషయమై పనిచేయుటకు కోయిటా కేంద్రము నెలకొల్పబడినది. మన పట్టణముల చికిత్సాలయములు అట్టి కూటమితో చేరి, లేదా పొరుగు జిల్లాలవారితో కలిసి, ఒకే షరతుల పత్రముతో విక్రేతను పిలిచినచో, వాడు వినక తప్పదు.

సొంతదారు లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులును గలవు. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి గ్రామమున బీదల ఆసుపత్రిలో మొదట నడచిన బహ్మ్నీ అట్టిది. దానికి మూలమైన ఓపెన్‌ఎంఆర్‌ఎస్‌ను ఆఫ్రికాలోని రువాండా దేశమున బుటారో క్యాన్సరు కేంద్రమున వాడిరి. ఇవి ప్రకటనలతో బ్రతుకు ఉచితముల వంటివి కావు. వీని మూలమును ఎవరైనను విప్పి చూడవచ్చును, మార్చుకొనవచ్చును. కాని వెల లేదన్నంత మాత్రమున ఖర్చు లేదని కాదు. క్యాన్సరు చికిత్సాక్రమములను ఎక్కించుటకును, మరమ్మతులకును, నేర్పుటకును నిలుకడగల మనుష్యులు కావలెను. ఉచితముగా వచ్చిన ఆవునకైనను మేత వేయవలసినదే.

తుదకు మేము ధర్మకర్తలకు చేయు విన్నప మిది. ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు ఈ నాలుగు మాటలు అందున్నవో లేవో మీరే చదివి చూడుడు. రికార్డు రోగిది, వైద్యశాల దానికి కావలికాపు, విక్రేత దానికి లేఖకుడు మాత్రమే యని వ్రాసియుండవలెను. రోగి వివరములు వైద్యశాల లిఖితపూర్వకమగు సమ్మతి లేక ఎవరికిని పోరాదు. ఒప్పందము ముగిసిన దినమున సమస్త రికార్డులు, ప్రతి మోతాదుతో సహా, బహిరంగ ప్రమాణమున, అదనపు రుసుము లేక, నిర్ణీత గడువులో తిరిగి యీయవలెను. మోతాదు లెక్కలో లోపము కనబడినపుడు ఎన్ని గంటలలో దిద్దవలెనో, దిద్దనిచో దండుగ యెంతయో స్పష్టముగా నుండవలెను. వీనికి సమ్మతింపని విక్రేత తెర యెంత మెఱసినను వానిని మర్యాదగా సాగనంపుడు.

క్యాన్సరు రోగి తన పొలమమ్మి, నగలమ్మి, ఊరు విడిచి, ప్రాణమును చేతబట్టుకొని మన వాకిటికి వచ్చును. అతనికి ఏ యంత్రము కొన్నామో తెలియదు. తెలిసికొను నోపికయు నుండదు. అతని పక్షమున ఆ ప్రశ్నలు వేయవలసినవారము మనమే. కరణమును నిలదీయుటకు జంకిన గ్రామము తన పొలములను పోగొట్టుకొనెను. ఈ కరణమును నిలదీయుటకు జంకినచో పోవునవి పొలములు కావు.